రజిని ఇండియా వెళ్ళింది

ఆ శనివారం రజిని పెట్టుకున్న పని ఒక్కటే, మినప వడియాలు. ఫోనులో చూస్తే ట్రాయ్ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే ఉంది. మిషిగన్‌లో అలాంటి రోజులే తక్కువ, అవి శనివారం పడటం ఇంకా తక్కువ. పిండి రుబ్బి, అల్లం పచ్చిమిర్చి కలిపి, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద పాత చీర పరిచి, చీర పక్కన కుర్చీ వేసి, కుర్చీలో మామగారిని కూర్చోబెట్టి, ఆయన చేతికి ఒక కర్ర ఇచ్చింది. కర్ర ఉడతల కోసం.

మామగారు కొండల్ రావు కరీంనగర్ వైపు ఒక చిన్న కోర్టులో ముప్ఫై నాలుగేళ్ళు బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని మేలో వచ్చాడు. ఆయన భార్య బాలమణి మాత్రం పదహారు గంటలు విమానంలో ఆయన పక్క సీటులో కూర్చోవడం తన వల్ల కాదని అక్కడే ఆగిపోయింది. ఇక్కడ ఆయనకు కోర్టు లేదు, వాయిదాలు లేవు, చేతులు కట్టుకుని నిలబడే కక్షిదారులు లేరు. ఉడతలున్నాయి. వాటినే ఒక్కొక్కటిగా అదిలించి, విచారించి పంపిస్తున్నాడు.

డెక్ మీద నుంచి చూస్తే కంచె, కంచె మీద సొరపందిరి. సగం రజిని పెరట్లో, సగం పక్కింటి కోవాల్‌స్కి పెరట్లో. కోవాల్‌స్కి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన ముసలాయన. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం, ఆయనకు పిల్లలు లేరు, ఆరేళ్ళ కిందట భార్య పోయింది. ఆ వేసవిలో ఏం చేయాలో తోచక తన వైపు రెండు, రజిని వైపు రెండు గుంజలు పాతాడు, పై వాసాల రెండో కొస రజిని పట్టుకుంది. అప్పటి నుంచి ఏటా తీగ ఇటు నాటితే అటు పాకుతుంది. కాయలు రెండు వైపులా వేలాడతాయి. ఇద్దరూ కంచెకి అటూ ఇటూ నిలబడి వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. భర్త ఉమాకాంత్ ఆఫీసులోనూ, కూతురు అవని తలుపు మూసిన గదిలోనూ ఉండే ఆ ఇంట్లో, రజినితో రోజూ పది నిమిషాలు నిలబడి మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ట్రాయ్ తెలుగువాళ్ళలో నలుగురు రజినీలున్నారు. ఈవిడ సొరకాయల రజిని. ఆ పేరు కూడా పందిరి పెట్టిందే.

అలాంటి కోవాల్‌స్కి రెండు వారాల కిందట టై కట్టుకున్న ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చి పందిరిని నిలువునా అడ్డంగా కొలిపించాడు. ఫోటోలు తీయించాడు. రజిని కంచె దగ్గరకు వెళ్తే టోపీ తీసి, "దీని గురించి మనం ఇప్పుడు మాట్లాడుకోకూడదు రజినీ. మా లాయర్ వద్దన్నాడు," అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. లాయరు, టేపు, ఫోటోలు. వీటిని ఎటు నుంచి కూడినా పందిరి పీకడమే వస్తోంది.

పదిన్నరకి రజిని రెండో వాయి పిండి రుబ్బుతోంది. మిక్సీ హోరులో బెల్లు వినపడలేదు. మోగించి మోగించి విసిగిన మనిషి ఇంటి పక్క నుంచి నడిచి వచ్చి డెక్ ఎక్కాడు. పొట్టి చేతుల చొక్కా, చెమట, చంకలో అట్ట, చేతిలో పొడుగాటి కవరు. ఎదుటివాళ్ళు చెయ్యి చాస్తే చాలు అందులో పెట్టేసేలా దాన్ని రెండు వేళ్ళతో అంచున పట్టుకున్నాడు.

కొండల్ రావు ఆ పట్టు చూశాడు. ఇంటింటికీ తిరిగి కోర్టు కాగితాలు అందించే అమీనుల చేతుల్లో ముప్ఫై నాలుగేళ్ళు చూసిన పట్టు. దేశం మారింది, భాష మారింది, ఆ రెండు వేళ్ళు మారలేదు.

"రజిని?" అన్నాడు ఆ మనిషి, కవరు మీద పేరు కూడబలుక్కుంటూ.

"నో రజిని," అన్నాడు కొండల్ రావు కర్ర ఊతంగా లేచి. "రజిని గాన్. ఇండియా."

సరిగ్గా అప్పుడే రజిని పిండి గిన్నెతో తలుపు తోసుకుని బయటకు వచ్చింది. ఆ మనిషి ఆమెను చూసి, మరి ఈవిడెవరన్నట్టు ముసలాయన వైపు తిరిగాడు.

"సిస్టర్," అన్నాడు కొండల్ రావు తడుముకోకుండా. "రజినీస్ సిస్టర్."

పేరేమిటని ఆ మనిషి పెన్ను తీశాడు. ఆ క్షణంలో కొండల్ రావుకు లోకంలో ఒక్క ఆడపేరే గుర్తొచ్చింది.

"బాలమణి."

అట్ట మీద అదే రాసుకుని, వెళ్తూ వెళ్తూ చీర మీద కాలు వేసి, సారీ చెప్పి, బూటుకు అంటుకున్న మూడు వడియాలతో సహా ఆ మనిషి వెళ్ళిపోయాడు.

"ఏంటి మామయ్యా ఇది? నేను మీ ఆవిడనయ్యానా?"

"ఊకో బిడ్డా. సమన్లవి. చేత పట్టినవా, కేసు పుట్టినట్టే. పట్టకపోతే, మనిషి ఊళ్ళె లేదని రాసుకొని పోతడు. వాయిదా. మళ్ల వస్తడు, మళ్ల లేదు. మళ్ల వాయిదా. మూడుసార్లయినంక గోడకు అంటిస్తరు. వానకు తడిసిపోయింది, మాకు కనబడలేదంటం. గప్పుడు పేపర్ల వేస్తరు. పేపర్ల ఆ మూల ఎవడు సదువుతడు?"

"ఇలా ఎన్నాళ్ళు?"

"నా సర్వీసుల ఒక పొలం గట్టు కేసుండె. సమన్లు అందుడుకే పదకొండేండ్లు. అందేవరకు వాది బిడ్డ, ప్రతివాది కొడుకు పెండ్లి చేసుకున్నరు. కోర్టుకు లడ్డూలు పంపిన్రు."

"మనకి పదకొండేళ్ళు ఎందుకు మామయ్యా?"

"మనకు రెండు నెల్లు సాలు. అక్టోబర్ల చలి పడితే తీగ దానంతటదే ఎండిపోతది. ఇగ పీకనీకి ఏముంటది?" ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుని కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. "సమన్లు అందనంత కాలం కేసు లేదు. కేసు లేనంత కాలం పందిరి ఉంటది."

రజిని డిగ్రీ చదివింది. ఆ తర్కంలో ఎక్కడో చిల్లు ఉందని తెలుస్తూనే ఉంది. కానీ రెండు వారాల్లో పందిరి ఉంటుందని చెప్పిన మొదటి మనిషి ఆయన.

రాత్రి భోజనాల దగ్గర విషయం బయటపెట్టారు. అవని పదకొండో తరగతి, స్కూల్లో ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించే జట్టులో ఉంది. చెంచా కింద పెట్టేసింది.

"తాతా, ఇక్కడ అలా వర్క్ అవ్వదు. కేస్ అయితే ట్వెంటీ వన్ డేస్ ఇస్తారు. ఆన్సర్ ఇవ్వకపోతే డిఫాల్ట్. అంటే మనం లేకుండానే వాళ్ళు విన్ అయిపోతారు. అయినా కవర్ తీసుకుంటే అందులో ఏముందో తెలుస్తుంది కదా?"

ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

"నువ్వు చేసేది నాటకం కోర్టు బిడ్డా. నేను అసలు కోర్టుల కూసున్న."

"జడ్జ్ కింద కూర్చున్నావు తాతా."

"కింద కాదు. ముందల."

రజిని భర్త వైపు చూసింది. ఉమాకాంత్ ఉద్యోగం కార్లకు బ్రేకులు డిజైన్ చేయడం. ఇంట్లో మాత్రం దేన్నీ ఆపిన చరిత్ర లేదు. "బాపు ఇన్నేళ్ళు అదే పనిలో ఉన్నాడు కదా. కొన్ని రోజులు చూద్దాం," అని పెరుగు అందుకున్నాడు.

కోర్టులో ఒకసారి ఒకటి చెప్పాక ఇంకోసారి ఇంకోటి చెప్పకూడదన్నది కొండల్ రావు నియమం. వాంగ్మూలం మారితే కేసు పోతుంది. కాబట్టి ఇంటికి ఎవరు ఫోన్ చేసినా, ఎవరు తలుపు కొట్టినా రజిని ఇండియా వెళ్ళిందనే చెప్పాడు. సోమవారం రజిని స్నానంలో ఉండగా ఆమె స్నేహితురాలు రేణు ఫోన్ చేసింది. ఆయన ఎత్తాడు. రేణుకి ఒక సంగతి తెలిసిందంటే ట్రాయ్‌లో తెలుగువాళ్ళందరికీ విడివిడిగా చెప్పాల్సిన పని ఉండదు.

చెప్పాపెట్టకుండా వెళ్ళిందంటే పాపం ఎవరికో సీరియస్‌గా ఉండి ఉంటుందని రేణు తేల్చింది. ఉమాకాంత్ ఒక్కడే ముసలాయన్నీ పిల్లనీ ఎలా చూసుకుంటాడని, రోజుకొకరు వండి పంపేలా వంతులు వేసింది. మంగళవారం సాయంత్రం నుంచి రోజూ ఆరింటికి ఎవరో ఒకరు డబ్బాలతో వచ్చేవాళ్ళు. రజిని మేడ మీద బట్టల అలమారాలో కూర్చునేది. వాళ్ళు వెళ్ళాక కిందకు వచ్చి, తన గురించి జాలిపడి వండిన పప్పుచారు తను తినేది. రేణు పప్పుచారులో ఉప్పు వేయదని పదేళ్ళ స్నేహంలో తెలియని సంగతి అప్పుడు తెలిసింది. పిలిచి చెప్పడానికి తను ఊళ్ళో లేదు.

డబ్బాలతో పాటు చీటీలు కూడా వచ్చాయి. రజిని వచ్చేటప్పుడు తెమ్మనండి అంకుల్, అని. రెండు కిలోల పూతరేకులు, గోంగూర పచ్చడి, మూడు జాకెట్లకు కొలతలు, ఒకావిడ అత్తగారి కళ్ళజోడు. కొండల్ రావు ప్రతి చీటీకి నంబరు వేసి, తేదీ రాసి, దారంతో కుట్టి పెట్టాడు. ఇరవై మూడయ్యాయి.

"ఇవన్నీ ఎక్కణ్నుంచి తేవాలి మామయ్యా నేను?"

"వచ్చినంక చూద్దాం."

"వెళ్ళందే ఎలా వస్తాను?"

ఆయన ఇరవై నాలుగో చీటీ కోసం దారం కొలిచాడు.

అట్ట మనిషి మళ్ళీ మూడుసార్లు వచ్చాడు. రెండుసార్లు ఇల్లంతా ఊపిరి బిగబట్టి సోఫా వెనక కూర్చుంది. మూడోసారి కొండల్ రావు తలుపు సందులోంచి "స్టిల్ ఇండియా" అన్నాడు. ఆ తర్వాత సంతకం పెట్టి తీసుకోవలసిన కవరు ఒకటి పోస్టులో వచ్చింది. ఆయన పెన్ను తెప్పించుకుని, దాని మీద గుండ్రటి కోర్టు అక్షరాలతో చిరునామాదారు ఇండియా వెళ్ళినారని ఇంగ్లీషులో రాసి, కింద పొట్టి సంతకం చేసి, తేదీ వేసి, పోస్టు తెచ్చినావిడకే తిరిగి ఇచ్చేశాడు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. రిటైరయ్యాక ఆయన అంత తృప్తిగా ఎప్పుడూ లేడు.

రజిని మాత్రం చిక్కిపోయింది. ఎవరూ లేవకముందే పెరట్లోకి వెళ్ళి తీగకు నీళ్ళు పెట్టి వచ్చేది. కాయలు కోసి ఎవరికైనా పంపుదామంటే, మనిషే లేని ఇంటి నుంచి సొరకాయలు ఎలా వస్తాయి? అవి అలాగే వేలాడి, లావెక్కి, మద్దెలలంత అయ్యాయి. బరువుకి పందిరి మధ్యలో కుంగింది. దేని కోసం దాక్కుంటోందో ఆ పందిరిని ఆమె పట్టపగలు చూసి మూడు వారాలయింది.

సోమవారం పొద్దున్నే నీళ్ళు పెడుతుంటే కంచె అవతల దగ్గు వినిపించింది.

"గుడ్ మార్నింగ్ రజినీ," అన్నాడు కోవాల్‌స్కి.

ఆమె చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. వెనక తలుపు జాలీలోంచి మామగారి కర్ర రెండుసార్లు నేల మీద తట్టింది. వాంగ్మూలం.

"నేను... రజినిని కాదు," అంది. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. "బాలమణిని. రజిని అక్కని."

ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖాన్ని కోవాల్‌స్కి కాసేపు చూశాడు. ఆమె కాళ్ళకున్న నీలం చెప్పులు చూశాడు. నిరుడు గుంజలకు రంగు వేస్తున్నప్పుడు వాటి మీద పచ్చ చుక్కలు పడేసింది ఆయనే. తర్వాత నెమ్మదిగా టోపీ తీశాడు.

"మిమ్మల్ని కలవడం సంతోషం, బాలమణీ. మీ చెల్లెలు ఫోన్ చేస్తే ఒకటి చెప్పండి. గురువారం తొమ్మిదింటికి. ఆమె వచ్చి ఒక్క మాట చెబితే చాలు. అంతకంటే నేను చెప్పకూడదు."

నీళ్ళు పాదాల మీదుగా పారి చెప్పులు తేలేదాకా ఆమె అక్కడే నిలబడింది.

"ఒక్క మాటంటే ఏందనుకున్నవ్?" అన్నాడు కొండల్ రావు లోపల. "ఒప్పుకొమ్మని. ప్రతివాది ఒప్పుకుంటే ఐదు నిమిషాల్ల ఖతం. నా సర్వీసుల గిసొంటి తీపి మాటలు ఎన్ని వినలే."

"ఆయన ముఖం అలా లేదు మామయ్యా."

"కోర్టుకు పోయేటోని ముఖం అట్లనే ఉంటది."

బడికి బయలుదేరుతున్న అవని ఆగింది. "వెయిట్. సమన్స్ మనకి రీచ్ అవ్వకుండా గురువారం హియరింగ్ ఎలా ఉంటుంది? ఇది వేరే ఏదో."

"అదే మన బలం బిడ్డా," అన్నాడు తాత. ఏది మన బలమో అవని అడిగేలోగా బస్సు వచ్చేసింది.

గురువారం ఎనిమిదిన్నరకి కోవాల్‌స్కి కోటు వేసుకుని బయటకు వచ్చాడు. భార్య అంత్యక్రియలకు వేసుకున్న కోటు అది. ఇప్పుడు భుజాల దగ్గర వదులైంది. కారు తలుపు తీసి, రజిని ఇంటి వైపు తిరిగి, ఒక నిమిషం నిలబడ్డాడు. కర్టెన్ వెనక నుంచి రజిని చూస్తోంది. ఒక్క అడుగు బయట పెడితే అయిపోతుందని తెలుసు. అయిపోయేది ఏమిటో మాత్రం తెలియదు. ఆయన కారెక్కి ఒక్కడే వెళ్ళిపోయాడు.

"వాయిదా పడుంటది," అన్నాడు కొండల్ రావు పదకొండింటికి. "సేమ్యా పాయసం చెయ్యి."

పాయసం చల్లారుతుండగా కోవాల్‌స్కి తిరిగి వచ్చాడు. కోటు విప్పి వరండా కటకటాల మీద వేసి, నిచ్చెన తెచ్చుకుని, మేకులు పీకే సుత్తి తీసుకుని పందిరి విప్పడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడుకి రజిని అన్నీ మరిచిపోయింది. తను ఎవరో, ఎవరు కాదో, ఏ దేశంలో ఉందో. గరిటెతో సహా కంచె దగ్గరకు పరిగెత్తింది. "ఏం చేస్తున్నారు మీరు? ఎందుకు పీకేస్తున్నారు?"

కోవాల్‌స్కి నిచ్చెన మీద నుంచి చూశాడు. "రజినీ. ఎప్పుడు వచ్చావు?"

ఆమె గరిటె వెనక దాచుకుంది.

ఆయనే చెప్పాడు, ఒక్కో మేకు తీసి జేబులో వేసుకుంటూ. గడ్డి ఎత్తు గురించీ చెత్తడబ్బాల గురించీ వీధిలో అందరికీ ఉత్తరాలు రాసే ఇళ్ళ అసోసియేషన్ ఉంది కదా, అది కేసు వేసింది. రజిని మీద కాదు, ఆయన మీద. పెరట్లో పందిళ్ళు ఉండకూడదని రెండేళ్ళ కిందట రూలు పెట్టారు. అంతకు ముందే ఉన్నవాటికి ఆ రూలు వర్తించదు. ఇది ఆరేళ్ళ కిందటిది, కానీ ఆ మాట ఆయనొక్కడు చెబితే చాలదన్నారు.

"ఆ రోజు రెండో కొస పట్టుకున్నది నువ్వే. నువ్వు వచ్చి, అవును ఆరేళ్ళయింది అంటే సరిపోయేది. సాక్షికి ముందే మాటలు నేర్పానంటారని లాయర్ నన్ను నీతో మాట్లాడనివ్వలేదు." ఇంకో మేకు జేబులో పడింది. "నీ సాక్షి ఎక్కడని జడ్జి అడిగాడు. ఇండియా వెళ్ళిందన్నాను. ఎవరు చెప్పారన్నాడు. వాళ్ళ అక్క చెప్పిందన్నాను."

ఆయన కిందకు దిగి, వరండాలో వేసిన కోటు జేబులోంచి పొడుగాటి కవరు తీసుకొచ్చి కంచె మీదుగా అందించాడు. మడతలు పడిపోయింది. దాని మీద గుండ్రటి కోర్టు అక్షరాలున్నాయి. "ఇది నీదే. తిరిగి మా లాయర్ దగ్గరకే వచ్చింది. ఇప్పుడు పనికిరాదనుకో."

వెనకాలే వచ్చిన కొండల్ రావు కవరు తీసుకుని చింపాడు. ఒక కాగితం, దానికి పిన్ను గుచ్చిన చిన్న చెక్కు. కాగితం ఆయన చదవలేదు. చెక్కును మాత్రం వెలుగుకు ఎత్తి రెండుసార్లు చూశాడు.

"బత్తా," అన్నాడు మెల్లగా. "సాక్షి బత్తా. ప్రతివాదికి ఎవడిస్తడు బత్తా?" ముప్ఫై నాలుగేళ్ళు సాక్షులకు దారిఖర్చుల బత్తా తన చేతుల మీదుగా ఇప్పించిన మనిషి, కంచె పక్క గడ్డి మీదే కూలబడిపోయాడు. "నేను పంపించేసింది సాక్షి సమన్లు."

రజిని కంచె పట్టుకుని సారీ అంది. ఇంగ్లీషులో ఆ మాట మరీ చిన్నది. కోవాల్‌స్కి తల ఊపాడు. తన వైపు వేలాడుతున్న సొరకాయలు కోసి, ఒక్కొక్కటే ఆమె వైపు కంచె పొడవునా దించాడు. పదకొండు. తర్వాత గుంజలు భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ పాయసం ఎవరూ తినలేదు. కొండల్ రావు వారం రోజులు కర్ర ముట్టుకోలేదు. డెక్ మీద మళ్ళీ ఎండబెట్టిన వడియాలు ఉడతలు వచ్చి తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు ఆయన వైపు చూసి వెళ్ళేవి. రజిని ఇండియా నుంచి తిరిగి రావలసి వచ్చింది. చీటీల్లో కొన్నింటికి అమెరికాలోనే ఉన్న ఎడిసన్‌లోని ఒక ఇండియా సరుకుల కొట్టు నుంచి పార్సిల్ తెప్పించింది. జాకెట్ల మాట ఎత్తితే టైలరు చచ్చిపోయాడని చెప్పింది. అబద్ధం ఇప్పుడు తడుముకోకుండా వస్తోంది. కంచె దగ్గర ఆమె వైపు సగం పందిరి ఒంటరిగా, ఒక పక్కకు ఒరిగి ఉంది. పొద్దున్నే వెళ్ళి నిలబడేది. అవతల ఎవరూ దగ్గేవాళ్ళు కాదు.

ఇక మీదట ఏ బెల్లు మోగినా తలుపు తీయాలని, ఏ కవరు వచ్చినా తీసుకోవాలని రజిని ఇంట్లో రూలు పెట్టింది. ఆ రూలు కింద పిజ్జా కాగితాలు తీసుకుంది, పక్క వీధివాళ్ళ కరెంటు బిల్లు తీసుకుంది, ఎవరో తెచ్చిన ఏదో అర్జీ మీద సంతకం కూడా పెట్టింది. సెప్టెంబరు రెండో వారంలో బెల్లు మోగింది. తీసేసరికి పొట్టి చేతుల చొక్కా, చంకలో అట్ట.

"రజిని?" అన్నాడు ఆ మనిషి పెద్దగా ఆశ లేకుండా.

"నేనే రజినిని," అంది ఆమె రెండు చేతులూ చాచి. "ఏమున్నా ఇవ్వండి. మంచినీళ్ళు తాగుతారా?"

ఆ మనిషి కవరు ఇచ్చి ఆమెను పరీక్షగా చూశాడు. "మరి బాలమణి గారు?"

"ఇండియా వెళ్ళింది."

ఇల్లంతా వంటింటి బల్ల చుట్టూ చేరింది. కవరు కొండల్ రావే విప్పాడు. కాగితాలు బయటకు తీసి, కవరుని తలకిందులు చేసి దులిపాడు. వేలు పెట్టి లోపల వెతికాడు.

"ఇందుల బత్తా లేదు," అన్నాడు.

అవని కాగితాలు లాక్కుని చదివింది. కోవాల్‌స్కి మీద గెలిచిన అసోసియేషన్, ఈసారి రజిని వైపున్న సగం పందిరి మీద కేసు వేసింది. ప్రతివాది, రజిని. ఇరవై ఒక్క రోజులు.

"అందుకే తీసుకోవద్దన్న," అన్నాడు కొండల్ రావు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"ఆన్సర్ ఫైల్ చేద్దాం," అంది అవని. "డిఫెన్స్ సేమ్ కదా అమ్మా. రూల్ రాకముందు నుంచీ ఉంది అని చెప్పాలి. బట్ ప్రూఫ్ కావాలి. ఆ డే నీతో ఎవరు ఉన్నారు?"

ఉమాకాంత్ పెరుగు గిన్నె పక్కకు జరిపాడు. "రెండో కొస పట్టుకున్నాయన ఉన్నాడు కదా," అన్నాడు.

అందరూ కిటికీలోంచి కంచె అవతలికి చూశారు.

రజిని మంచి చీర కట్టుకుంది. ఉడతలు వదిలేసిన వడియాలు వేయించి డబ్బాలో పెట్టింది. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళి, కోవాల్‌స్కి ఇంటి బెల్లు నొక్కింది. లోపల ఎక్కడో కుర్చీ జరిగింది. కర్టెను అంచు కదిలింది, ఆగింది. ఆ కదలిక ఎలా ఉంటుందో ఆమెకు లోపలి నుంచి బాగా తెలుసు. రెండోసారి నొక్కింది. చాలాసేపటికి గొలుసు తీయకుండానే తలుపు జానెడు తెరుచుకుంది.

కోవాల్‌స్కి ఆమెను పై నుంచి కింద దాకా చూసి, నెమ్మదిగా టోపీ తీశాడు.

"మిస్టర్ కోవాల్‌స్కి పోలండ్ వెళ్ళాడు," అన్నాడు. "నేను ఆయన తమ్ముణ్ణి."